దించే జాగ

ఐదోసారి పైకి రాలే.
ఆదివారం పగటీలి
నలభై ఐదు కిలోల రాడ్డు
నా రొమ్ము మీద కూసున్నది,
పైసలిచ్చి సీటు కొనుక్కున్నట్టు.
పక్కింట్ల మిక్సీ తిరుగుతున్నది.
పిలిస్తే ఎవరికి ఇనవడతది?
బిళ్ళలు జారకుండ రెండు దిక్కుల
నేనే బిగించిన క్లిప్పులు.
పొట్ట మీదికి దొర్లించుకుంట, దొర్లించుకుంట
లేచి కూసున్న.
నాలుగు రోజులు, జడ్చర్ల బస్సుల
టికెట్ మిషన్ తగిలినప్పుడల్లా
ఆడనే సలిపింది.

నాయినకు చెప్పలే. చూసిండు.
బాదేపల్లి యార్డుల ముప్పయ్యేండ్లు
మక్కల బస్తాలు మోసిన కుర్మయ్యకు
ఎవరు ఎట్ల వంగుతున్నరో
ఒకరు చెప్పాల్నా?
"ఎత్తుడు ఎవడన్నా నేర్పుతడు అలివేలూ,
దించే జాగ చూసుకోకుంట
మూట ముట్టొద్దు."
అంతే. బీడీ ముట్టించిండు.

ఫోన్ల చూసిన.
ర్యాకు ర్యాకుకు పక్కన ఒక మొగోడు,
నూనె రాసిన భుజాలు, నవ్వు.
ఆ నవ్వుకే సగం ధర.
రెండు కాళ్ళదొకటి, గోడకు బిగించాల్నట.
మా కిరాయింటి గోడ
క్యాలెండర్ మేకుకే పొడి రాలుస్తది.
మడతపెట్టేది ఇంకొకటి.
మడతపడేది నాకెందుకు?

న్యూటౌన్ల ఖాజా భాయ్ వెల్డింగ్ దుకాణం.
"ఏందక్కా, ఉయ్యాల స్టాండా? బర్రెను కట్టే బోనా?"
"నేను ఓడిపోయే బోను" అన్న.
అర్థం కాలే. అయినా నవ్విండు.
ఒక పైపు గోటితోని మీటిండు. కిణ్ మన్నది.
"ఇది కిటికీకి. దొంగకు సాలు."
ఇంకోటి మీటిండు. పలకలే.
"ఇది మూడు మిల్లీమీటర్లు. మనిషికి."
పలకని దాన్నే పట్టుకున్న.

నాలుగు కాళ్ళు.
ఏడడుగులు, ఫ్యాను రెక్కలకు జానెడు ఇడిచి.
రంధ్రానికి రంధ్రానికి రెండు వేళ్ళ ఎడం.
పద్దెనిమిది వేలు, రంగుకు వేరే.
రంగొద్దు.
ఇగ అడ్డంగ దూర్చే కడ్డీలు
ఏ ఎత్తుల ఆగాలె?
అది ఏ కాయితంల లేదు.

"పండుకో బిడ్డా" అన్నడు నాయిన.
ఎక్కడ? దుకాణం ముంగట, బల్ల మీద,
ఆటోలు పోతుంటే,
పల్లీలమ్మే బుచ్చమ్మ తక్కెడ ఆపి చూస్తుంటే,
కండక్టర్ ఖాకీ మీదనే పండుకున్న.
నిండ గాలి పీల్చి
ఉత్త రాడ్డును రొమ్ముదాంక దించిన.
నాయిన వంగిండు.
ఆ నడుము ఒక్కసారి వంగితే
మళ్ళ లేవనీకి శానసేపు పడ్తది.
గాలి నిండ ఉన్నప్పుడు కడ్డీ అడ్డం రావద్దు,
గాలి వదిలేసినప్పుడు రాడ్డు గొంతుకు అందొద్దు.
ఆ రెండిటి నడుమ
సుద్దముక్కతోని గీత గీసిండు.
"ఈడ."

ఇంటికొచ్చేటప్పుడు అడిగిన,
నీ కాలంల ఇసొంటిది లేకుండెనా అని.
"ఉండె. సాయిలు ఉండె.
నా ఎనకనే నడుస్తుండె."
రైల్వే గేటు పడ్డది. గూడ్సు బండి
ఎన్ని డబ్బాలో, ఒడుస్తలేదు.
"ఒక్కనాడు పనికి రాలే."

బిగించిన్నాడు నేనేం ఎత్తలే.
నలభై ఐదు ఎక్కిచ్చి
బల్ల మీద పండుకొని,
మెల్లగ రొమ్ముదాంక దించుకొని,
ముందుగాల గాలి వదిలిన.
తర్వాత చేతులు వదిలిన.

ధన్ మన్నది.
ఇల్లంత ఒక్కసారి ఉలిక్కిపడ్డది.
కింద ఓనర్ నర్సిరెడ్డి సార్
"ఏం కూలగొడుతున్నరమ్మా" అని మెట్లెక్కుతున్నడు.
రాడ్డు కింద, ఇంచు సందుల
నా రొమ్ము పైకి లేస్తున్నది, దిగుతున్నది.

నాయిన కడ్డీ మీద అరచెయ్యి పెట్టి
ఈ కొననుంచి ఆ కొనదాంక
నిమురుకుంట పోయిండు.
"వంగలే" అన్నడు.